పెద్దపేగులో పాలిప్: ఉచ్చుతోనా, కత్తితోనా?

గత షాబాన్ నెలలో ఒకనాడు అస్ర్ నమాజు ముగిసి, పిల్లలు ముస్హఫ్‌లు సర్దుకుంటున్న వేళ, మా మద్రసాలో హిఫ్జ్ చేస్తున్న ఒక విద్యార్థి తాతగారు నా వద్దకు వచ్చారు. వయసు 62 సంవత్సరాలు. ఆర్టీసీలో బస్సు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. చేతిలో ఒక సంచి, అందులో ఆసుపత్రి కాగితాలు, రంగు ఫొటోలు.

“హజ్రత్, ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పారు. నా తరఫున మీరు ఇస్తిఖారా చేసి పెట్టండి. ఏది తేలితే అది చేయించుకుంటాను,” అన్నారు.

“చాచా, ఇస్తిఖారా ఎవరి అవసరానికి వారు చేసుకునేది. పైగా దానికి ముందు మష్వరా ఉంది. తెలిసినవారిని అడిగి, విషయం అర్థం చేసుకుని, ఆ తరువాత అల్లాహ్ ముందు చేతులెత్తాలి. ముందు ఆ కాగితాలు చూద్దాం,” అన్నాను.

నేను వైద్యుణ్ణి కాను. నా చదువంతా ఫిఖహా, హదీసులకు సంబంధించినది. అయితే నా మేనల్లుడు జీర్ణకోశ వ్యాధుల వైద్యుడు. ఆ రాత్రి ఇషా తరువాత అతనికి ఫోను చేసి, చాచాను పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు విన్నాను. తరువాత కూడా నేను అడుగుతూనే ఉన్నాను, అతడు ఓపికగా చెబుతూనే ఉన్నాడు. ఆ మాటల సారాన్నే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఇలాంటి కాగితాల సంచి మన ఇళ్లలో ఇంకా ఎన్నింటిలో ఉందో, సంచి కూడా లేకుండా ఎందరు మౌనంగా భరిస్తున్నారో నాకు తెలియదు.

చాచాకు రెండేళ్లుగా మలంలో రక్తం పడుతోంది. మొలలే అనుకున్నారు. ఇరుగుపొరుగు చెప్పిన ఆకుమందు కొన్నాళ్లు, దుకాణంలో కొన్న లేపనం కొన్నాళ్లు. ఎవరికైనా చూపించుకోవడానికి సిగ్గు. చివరకు నీరసం ముదిరి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా తగ్గిందని తేలింది. అప్పుడు కొలనోస్కోపీ చేశారు. మలద్వారం గుండా సన్నని గొట్టం లాంటి కెమెరాను పంపి పెద్దపేగు అంతటినీ లోపలి నుంచి చూడడమే ఈ పరీక్ష. అందులో మూడు చిన్న పాలిప్‌లు, సిగ్మాయిడ్ భాగంలో ఒక పెద్ద పాలిప్ కనిపించాయి. పెద్దదాని వెడల్పు సుమారు 35 మిల్లీమీటర్లు.

పాలిప్ అంటే పేగు లోపొర మీద మొలిచిన కండ. అన్నీ ప్రమాదకరం కావు. కానీ ‘అడినోమా’ అనే రకంలో కొన్ని ఏళ్లు గడిచేకొద్దీ క్యాన్సరుగా మారగలవు. ఆ మార్పుకు సాధారణంగా చాలా ఏళ్లు పడుతుంది. ఆ వ్యవధిలో దానిని తీసివేస్తే రాబోయే క్యాన్సరు మొదలు కాకముందే ఆగిపోతుంది. శరీరంలో ఇంత స్పష్టంగా ముందుగానే అడ్డుకోగలిగే క్యాన్సర్లు ఎన్నో లేవని మేనల్లుడు అన్నాడు. అమెరికాలో పాలిప్‌లు తీయించుకున్నవారిని ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం 1993లో వెలువడింది. తీయించుకున్నవారిలో పెద్దపేగు క్యాన్సరు అంచనా కంటే 76 నుంచి 90 శాతం తక్కువగా కనిపించింది. అదే అధ్యయనం కొనసాగింపుగా 2012లో వచ్చిన లెక్కల ప్రకారం ఆ క్యాన్సరుతో మరణించడం 53 శాతం తగ్గింది.

చాచాను కలవరపెట్టిన ప్రశ్న వేరు. పాలిప్ తీయాలని ముగ్గురు వైద్యులూ అన్నారు. ఎలా తీయాలన్నదే భేదం. మొదటి వైద్యుడు పొట్ట కోసి పేగులో ఆ ముక్కను తీసేద్దామన్నారు. రెండవ వైద్యుడు కెమెరా గొట్టంతోనే ముక్కలు ముక్కలుగా తీయవచ్చన్నారు. మూడవ వైద్యుడు అదే గొట్టంతో, కానీ ఒకే ముక్కగా, సన్నని కత్తితో చెక్కి తీస్తానన్నారు. ఖర్చులు కూడా వేరువేరు.

ఇది అర్థం కావాలంటే పేగు గోడ ఎలా ఉంటుందో తెలియాలి. గోడ మందం కొన్ని మిల్లీమీటర్లే. అందులో లోపలి పొర, దాని కింద మెత్తని ఒక పొర, ఆపైన కండర పొర. పాలిప్ లోపలి పొర మీద మొలుస్తుంది. కండర పొరకు గాయమైతే పేగుకు చిల్లు పడవచ్చు. అందుకే పద్ధతులన్నిటి వెనుక ఉన్న ప్రశ్న ఒకటే: పాలిప్‌ను అంచులతో సహా పూర్తిగా తీయాలి, కింది కండరాన్ని తాకకూడదు, రక్తం కారకూడదు.

కెమెరా గొట్టం గుండా ఒక తీగ ఉచ్చును పంపి, పాలిప్ మెడకు బిగించి తెంపడం 1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే ఇద్దరు వైద్యులతో ఆరంభమైంది. అంతకు ముందు గొట్టపు కెమెరా చేరలేనంత పైన ఉన్న పాలిప్‌కు పొట్ట కోయడం తప్ప దారి ఉండేది కాదు. (ఇక్కడ మా మద్రసా పిల్లలకు చెప్పే ఒక మాట గుర్తొస్తోంది. కుర్తుబాకు చెందిన అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ వెయ్యేళ్ల క్రితం తన ‘అత్తస్రీఫ్’ గ్రంథంలో ముక్కులో పెరిగే కండను కొక్కెంతో లాగి కోసే విధానాన్ని వివరించారు, పరికరాల బొమ్మలు కూడా గీశారు. కొలనోస్కోపీతో దానికి నేరుగా సంబంధం లేదు. కానీ శరీరపు లోతులలోని కండను పరికరంతో తీయడం మన విద్యాసంప్రదాయానికి పరాయి విషయం కాదని చెప్పడానికి ఇది చాలు.)

ఆ ఉచ్చులో ఇప్పుడు రెండు రకాలున్నాయి. విద్యుత్తు ప్రవహించే ‘హాట్ స్నేర్’, విద్యుత్తు లేని ‘కోల్డ్ స్నేర్’. తొలినాళ్లలో అంతా విద్యుత్తే. కాల్చితే రక్తనాళం మూసుకుంటుంది కదా అన్నది ఆలోచన. మనకూ అదే సబబుగా తోస్తుంది. అయితే కాలిన గాయం లోతుకు దిగుతుంది. కొన్ని రోజుల తరువాత పైనున్న కాలిన పొర ఊడినప్పుడు కింద పెద్ద నాళం బయటపడి రక్తం కారవచ్చు. విద్యుత్తు లేకుండా తెంపినప్పుడు అప్పటికప్పుడు కొంచెం రక్తం కనబడుతుంది, దానంతటదే ఆగుతుంది, గాయం పైపైనే ఉంటుంది.

తైవాన్‌లో 4 నుంచి 10 మిల్లీమీటర్ల పాలిప్‌లున్న 4,270 మందిపై ఈ రెండింటినీ పోల్చి చూశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. ఆలస్యంగా రక్తస్రావమైనవారు విద్యుత్తు పద్ధతిలో 1.5 శాతం, విద్యుత్తు లేని పద్ధతిలో 0.4 శాతం. అందుకే 10 మిల్లీమీటర్లకు లోపున్న పాలిప్‌లకు కోల్డ్ స్నేర్‌నే ఎంచుకోవాలని అమెరికా, ఐరోపా వైద్య సంఘాలు రెండూ సూచిస్తున్నాయి. చిమటా వంటి పరికరంతో గిల్లి తీయడం ఒకటి రెండు మిల్లీమీటర్ల కణికలకే పరిమితం. పెద్దవాటిని గిల్లితే కొంత మిగిలిపోతుంది. చాచాకున్న మూడు చిన్న పాలిప్‌లనూ మొదటి కొలనోస్కోపీలోనే కోల్డ్ స్నేర్‌తో తీసేశారు. ఆయనకు ఆ సంగతి కూడా తెలియదు. కాగితంలో రాసి ఉంది, ఎవరూ చదివి చెప్పలేదు.

పుట్టగొడుగులా కాడ ఉన్న పాలిప్ సంగతి వేరు. కాడలోనే రక్తనాళం నడుస్తుంది కనుక అక్కడ విద్యుత్తు ఉచ్చే తగినది. కాడ లావుగా ఉంటే ముందుగా దానికి క్లిప్పు లేదా ఉరి వేసి, లేదా మందు సూది ఇచ్చి తరువాత కోస్తారు.

ఇక చాచా పాలిప్. దానికి కాడ లేదు. నేలమీద పరచుకున్న పాకుడులా గోడకు అంటుకుని వెడల్పుగా ఉంది. అలాంటిదానికి నేరుగా ఉచ్చు వేస్తే గోడ కూడా ఉచ్చులోకి వస్తుంది. అందుచేత ముందుగా సూదితో లోపొర కింద రంగు కలిపిన ద్రవాన్ని ఎక్కిస్తారు. వేడి పెనం తగిలిన చేతిమీద పొక్కు లేచినట్లు పాలిప్ పైకి లేస్తుంది, కండరం కింద భద్రంగా ఉండిపోతుంది. అప్పుడు ఉచ్చు వేసి కోస్తారు. దీనినే ఇ.ఎం.ఆర్. అంటారు. 20 మిల్లీమీటర్లు దాటితే ఉచ్చులో ఒకేసారి పట్టడం కష్టం, ముక్కలుగా తీయవలసి వస్తుంది.

ఈ ద్రవం గురించి మన పాఠకులకు ఒక మాట. చాలాచోట్ల ఉప్పునీటి సెలైనే వాడతారు. కొన్నిచోట్ల పశువుల నుంచి తీసిన జెలాటిన్ ద్రవం వాడతారు, అది ఎక్కువసేపు పొక్కును నిలుపుతుంది. పిండిపదార్థంతో చేసినవి, హైలురోనేట్‌తో చేసినవి కూడా ఉన్నాయి. సందేహం ఉన్నవారు ముందురోజే వైద్యునితో మాట్లాడితే చాలు, ప్రత్యామ్నాయం దొరకడం కష్టం కాదు. బల్లమీద పడుకున్న తరువాత అడిగే ప్రశ్న కాదిది.

ముక్కలుగా తీయడంలో లోపం ఏమిటంటే, అంచున ఆవగింజంత మిగిలినా అక్కడే మళ్లీ పెరుగుతుంది. దీనికి సిడ్నీ వైద్యులు ఒక సులువైన ఉపాయం చూపారు. కోసిన గాయం చుట్టూ అంచును ఉచ్చు కొనతోనే తేలికగా కాల్చడం. 2019లో వారు ప్రచురించిన పోలికలో మళ్లీ పెరగడం 21 శాతం నుంచి 5.2 శాతానికి దిగింది. చాచా వంటివారు వైద్యుణ్ణి అడగదగిన ప్రశ్న ఇదే: “అంచు కాలుస్తారా?”

పెద్ద పాలిప్‌లను కూడా విద్యుత్తు లేకుండానే తీస్తే ఏమవుతుందని జర్మనీలో పరీక్షించారు. 2024లో వచ్చిన ఫలితం రెండు వైపులా మాట్లాడుతుంది. పెద్ద ఇబ్బందులు 7.9 శాతం నుంచి 1 శాతానికి తగ్గాయి. కానీ పాలిప్ మిగిలిపోవడం 13.8 శాతం నుంచి 23.7 శాతానికి పెరిగింది. క్షేమం పెరిగితే పరిపూర్ణత తగ్గింది. గుండె మందులు వాడే వృద్ధునికి ఆ తూకం ఒకలా ఉంటుంది, 45 ఏళ్ల ఆరోగ్యవంతునికి మరోలా ఉంటుంది. ఫిఖహాలో కూడా ఒకే ప్రశ్నకు అడిగినవాని స్థితినిబట్టి జవాబు మారడం మాకు అలవాటే. వైద్యులు ముగ్గురూ మూడు మాటలు చెప్పారంటే ముగ్గురిలో ఇద్దరు అబద్ధమాడారని కాదు.

నీళ్లలో చేసే ఇ.ఎం.ఆర్. మరొకటి ఉంది. పేగులో గాలికి బదులు నీరు నింపితే పాలిప్ దానంతటదే తేలుతుంది, సూది అక్కరలేదు. 2012లో అమెరికాలో బిన్‌మోయలర్ దీనిని వివరించారు. 10 నుంచి 20 మిల్లీమీటర్ల వాటిని ఒకే ముక్కగా తీయడంలో ఇది మెరుగని జపాను వైద్యులు 2019లో చూపారు: 75 శాతానికి బదులు 89 శాతం.

మూడవ వైద్యుడు చెప్పినది ఇ.ఎస్.డి. జపానులో పుట్టి పెరిగిన విద్య. ద్రవం ఎక్కించి, సన్నని విద్యుత్ కత్తితో చుట్టూ గీసి, కింది పొర వెంబడి మెల్లగా చెక్కుతూ మొత్తాన్ని ఒకే పలకగా వేరు చేస్తారు. గంట, రెండు గంటలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పడుతుంది. లాభం ఏమిటి? ఒకటి, మళ్లీ పెరగడం చాలా అరుదు. రెండవది మరింత ముఖ్యం. పాలిప్‌లో అప్పటికే క్యాన్సరు మొదలై ఉంటే, అది ఎంత లోతుకు దిగిందో ఒకే ముక్కలోనే సరిగ్గా కొలవగలరు. చింపిన ఉత్తరాన్ని అతికించి చదవడానికీ, మడత విప్పి చదవడానికీ ఉన్నంత తేడా. క్యాన్సరు 1 మిల్లీమీటరు లోతు లోపలే ఉండి, నాళాలలోకి పాకక, అంచులు శుభ్రంగా, ఇతర లక్షణాలు కూడా అనుకూలంగా ఉంటే చాలామందికి ఆపరేషను అవసరం ఉండదు.

అయితే అన్నిటికీ ఇ.ఎస్.డి.యే చేయించుకుంటే పోదా? ఫ్రాన్సులో 25 మిల్లీమీటర్లు దాటిన పాలిప్‌లపై ఈ రెండింటినీ పోల్చారు. ఆరు నెలలకు మళ్లీ పెరిగినవి ముక్కల పద్ధతిలో 5.1 శాతం, ఇ.ఎస్.డి.లో 0.6 శాతం. ఇబ్బందులు మాత్రం ఇ.ఎస్.డి.లో ఎక్కువ: 24.5 శాతానికి ఎదురుగా 35.6 శాతం. ముక్కల పద్ధతిలో మళ్లీ పెరిగినది తరచుగా చిన్నదే, తదుపరి పరీక్షలో తీసేయవచ్చు. కనుక క్యాన్సరు అనుమానం ఉన్న చోట, ముఖ్యంగా పురీషనాళంలో, ఇ.ఎస్.డి.కి విలువ ఎక్కువ. అనుమానం లేని చోట నిపుణుని చేతి ఇ.ఎం.ఆర్. చాలు. ఇ.ఎస్.డి. చేయించుకుంటే ఆ వైద్యుడు అలాంటివి ఎన్ని చేశారో అడగడం మర్యాదకు భంగం కాదు.

మొదటి వైద్యుడు చెప్పిన పొట్ట ఆపరేషను పాతకాలపు మాట అని కొట్టిపారేయలేము. లోతైన క్యాన్సరుకు అదే దారి. కానీ క్యాన్సరు కాని పాలిప్‌కు అది బరువైన మూల్యం. అలాంటి ఆపరేషన్లపై అమెరికాలో 2018లో వచ్చిన లెక్కలో 14 శాతం మందికి పెద్ద చిక్కులు వచ్చాయి, 30 రోజులలో మరణించినవారు 0.7 శాతం.

మేనల్లుడు ఫొటోలు చూసి ఒక విషయానికి నొచ్చుకున్నాడు. మొదటి కొలనోస్కోపీ చేసినచోట పెద్ద పాలిప్‌ను సగం కోయబోయి, వల్ల కాక వదిలేశారు. అలా వదిలినచోట మచ్చ కడుతుంది. తరువాత ద్రవం ఎక్కించినా ఆ భాగం పైకి లేవదు, తీయడం కష్టమవుతుంది. పెద్ద, చదునైన పాలిప్ కనబడితే ఫొటో తీసి, నిపుణుని వద్దకు పంపడమే మేలు. కదిలిస్తే పూర్తిగా తీయాలి, లేకుంటే కదిలించకూడదు.

చాచా ఫొటోలలో క్యాన్సరు లక్షణాలు కనిపించలేదు. హైదరాబాదులో ఇ.ఎం.ఆర్. చేయించుకోవాలని నిర్ణయమైంది. నిర్ణయమయ్యాక చాచా అసలు మాట బయటపెట్టారు. “హజ్రత్, నమాజు చదివే మనిషిని. ఆ స్థితిలో పరాయివాళ్ల ముందు పడుకోవడం...” అని తల దించుకున్నారు. రెండేళ్లు ఆగింది అందుకే. నేను ఆయనకు చెప్పినది ఇది. హయా ఈమాన్‌లో భాగమే. కానీ చికిత్స చేయించుకోమని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. అవసరం ఉన్నప్పుడు అవసరమున్నంత మేరకు వైద్యుడు సతర్‌ను చూడడానికి ఫిఖహా పండితులందరూ అనుమతించారు. అవసరానికి మించి చూపనక్కరలేదు. వెనుకవైపు మాత్రమే తెరుచుకునే లాగూలు ఆసుపత్రులలో దొరుకుతాయి, అడిగి తీసుకోండి. స్త్రీలు వైద్యురాలిని కోరవచ్చు, దొరకకుంటే కనీసం ఒక నర్సు గదిలో ఉండాలని కోరవచ్చు. వైద్యురాలు దొరకలేదని నెలల తరబడి రక్తం పోగొట్టుకోవడం మాత్రం షరీఅత్ కోరేది కాదు.

మరి కొన్ని ప్రశ్నలు కూడా వచ్చాయి. పేగు శుభ్రపరిచే మందునీళ్లు ముందురాత్రీ ఉదయమూ తాగాలి. గొట్టంతోపాటు నీరూ లోపలికి వెళుతుంది. కనుక ఆ రోజు ఉపవాసం కుదరదు. రమజానులో తప్పనిసరైతే తరువాత ఖజా చేసుకోవాలి. చాచా విషయంలో వైద్యులు కొన్ని వారాలు ఆగవచ్చన్నందున షవ్వాల్‌లో చేయించాము. విరేచనాలు ఆగకుండా అవుతున్న రాత్రి మాజూర్ విధానంలో ప్రతి నమాజు వేళకూ వుజూ చేసి చదువుకోవచ్చు. మత్తు సూది తరువాత వుజూ కొత్తగా చేయాలి, గుసుల్ విధి కాదు. రక్తాన్ని పలుచబరచే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. గుండెలో స్టెంట్ ఉన్నవారు తమంతట తాము మాత్రలు మానుకుంటే రక్తస్రావం కంటే పెద్ద ప్రమాదం కొనితెచ్చుకున్నట్లే.

చాచాకు గంటకు పైగా పట్టింది. మచ్చ కట్టిన చోట కొంత భాగం లేవలేదు. దానిని చిమటాతో పట్టి లాగి తీశారు, అంచు కాల్చారు. రెండవరోజు ఇంటికి వచ్చారు. కణజాల పరీక్షలో క్యాన్సరు లేదు, అల్హందులిల్లాహ్. రెండు వారాలు బరువులెత్తవద్దన్నారు, నల్లని లేదా ఎర్రని రక్తం పడినా, కడుపు నొప్పితో జ్వరం వచ్చినా వెంటనే రమ్మన్నారు. ఏమీ కాలేదు.

చిక్కంతా ఆ తరువాత వచ్చింది. ముక్కలుగా తీసిన పెద్ద పాలిప్‌కు ఆరు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేయాలి, ఆ తరువాత ఏడాదికి, ఆపైన మూడేళ్లకు. ఒకటి రెండు చిన్న అడినోమాలు మాత్రమే తీయించుకున్నవారికి ఏడు నుంచి పదేళ్ల గడువు ఉండవచ్చు. చాచాకు అలా కాదు. రబీఉస్సానీలో గడువు దగ్గర పడ్డప్పుడు అడిగితే, “ఇప్పుడు రక్తం పడడం లేదు కదా హజ్రత్, మళ్లీ ఆ నీళ్లు తాగడం నా వల్ల కాదు,” అన్నారు. మచ్చ కట్టిన పాలిప్, ముక్కలుగా తీసినది. మిగిలిపోయేందుకు ఎక్కువ అవకాశమున్నది అలాంటిదే. మిగిలింది చిన్నగా ఉన్నప్పుడు పది నిమిషాల పని. పెరిగాక మొదటి వైద్యుడు చెప్పిన పొట్ట ఆపరేషనే దారి కావచ్చు.

నా మాటకు ఆయన కదలలేదు. ఆయనను కదిలించినది మేనల్లుడు ఫోనులో చెప్పిన మరో సంగతి. 10 మిల్లీమీటర్లు దాటిన అడినోమా ఉన్నవారి సోదరులకూ, పిల్లలకూ ముప్పు మామూలు కంటే ఎక్కువ. వారు రక్తం పడేదాకా ఆగకుండా 40వ ఏట నుంచే పరీక్షల గురించి వైద్యునితో మాట్లాడాలి. చాచా పెద్దకుమారుడు ఆటోమొబైల్ దుకాణం నడుపుతాడు. వయసు 41. మా విద్యార్థి తండ్రి అతడే.

మరునాడు అస్ర్ తరువాత తండ్రీకొడుకులిద్దరూ కలిసి వచ్చారు. పాత ఆసుపత్రి సంచిలోంచి నివేదిక తీసి, పాలిప్ ఎంత, ఎక్కడ, ఒకే ముక్కగానా ముక్కలుగానా, అంచు కాల్చారా, కణజాల పరీక్షలో ఏమని తేలింది అన్నవి ఒక తెల్లకాగితం మీద నా చేత తెలుగులో రాయించుకున్నారు. రెండు ప్రతులు కావాలన్నారు, ఒకటి తండ్రి పరీక్షకు, ఒకటి కొడుకు వైద్యునికి చూపడానికి. ఇద్దరికీ ఒకే వారంలో సమయం దొరికింది.